దగ్గర దారి

“మేడమ్, ఈ గీత దారేనా, వంకనా?”

ఫోను నా ముందు బల్ల మీద పెట్టి అడిగింది మేఘన. కడపలో బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల. వాళ్లమ్మ ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివింది, ఆ చుట్టరికం పట్టుకొని రాజంపేటలో నా యిల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆదివారం వస్తే ఈ పిల్ల, ఇంకో ఐదుగురు కలిసి లావు టైర్ల సైకిళ్ల మీద కొండలూ చెరువుకట్టలూ పట్టుకొని తిరుగుతారట. తారు రోడ్డు కనిపిస్తే మొహం తిప్పుకుంటారట. దాన్ని గ్రావెల్ రైడింగ్ అంటారని చెప్పింది. మా వైపు ఆ నేలను గరుసు అంటారు. ఫోనులో ఆకాశం నుంచి తీసిన బొమ్మ ఉంది. కింద మా ఊరి చెరువు, పైన అడివి చెరువు, రెంటి మధ్యా కొండ, కొండ మీద దారపుపోగు లాంటి తెల్ల గీత. కళ్లద్దాలు తుడుచుకొని చూశాను. “దారే, నీళ్లు పారే వంక కాదు,” అన్నాను. “మూడేండ్లు తొక్కినా ఆ దారిని.” ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది. గీత మీద వేలు పెట్టి లాగితే మా పల్లె నుంచి రాజంపేటకు కొండదారిన పదహారు కిలోమీటర్లని ఫోను లెక్క కట్టింది. ఊరి మీదుగా రోడ్డున తొమ్మిదే. “రోడ్డు అప్పుడు లేదా మేడమ్?” అంది. ఉండింది, కంకర తోలి రోలరు తిప్పిన మంచి రోడ్డు, అన్నాను. “మరి ఇట్ట చుట్టు తిరిగి యాల పోతాంటిరి? మీకూ గ్రావెల్ అంటే ఇష్టమా?” అని నవ్వింది. మా యింట్లో ఆ పదహారు కిలోమీటర్ల దారికి పేరు ‘దగ్గర దారి’ అని చెప్పాను. పెద్దావిడకు లెక్క తప్పిందనుకుందేమో, మొహమాటానికి తలూపింది. నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు.

మా నాయిన ఉపదేశి. అంటే చర్చి తరఫున పల్లెపల్లెకూ తిరిగి ప్రార్థనలు చేయించేవాడు, చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. జీతం పేరుకే, సైకిలు మాత్రం మిషన్‌ది. నల్ల సైకిలు, కడ్డీ బ్రేకులు, వెనక క్యారియరు మీద బైబిలు సంచీ, సంచీ పక్కన కట్టిన గాలిపంపు. శనివారం సాయంత్రం మా యింటి ముందు జరిగే పని ఒకటుండేది. నాయిన సైకిలును తలకిందులు చేసి, గోనెపట్టా మీద నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో చైను తుడిచి, కొబ్బరినూనె చుక్కలు వేసేవాడు. ఒక్కో లంకె దగ్గరా ఆగి, పిల్లకాయ ముక్కు తుడిచినట్టు ఓపికగా తుడిచేవాడు. అదే సమయానికి పక్కనే పొయ్యి మీద అమ్మ ఊరిబిండి పచ్చడికని శెనిక్కాయలు వేయించేది. కిరసనాయిలూ, కొబ్బరినూనె, కమిలిన శెనిక్కాయపొట్టు, ఈ మూడూ కలిసిన వాసన నాకు ఇప్పటికీ శనివారం వాసనే. మా అవ్వ అరుగు మీద కూచొని తమలపాకు నములుతూ కొడుకును ఎగతాళి చేసేది. “దేవుడిచ్చిన కాళ్లు చాలక ఇనపకాళ్లు పెట్టుకున్యాడు. వాటికి తలంటు గూడా!” అనేది. నాయిన నవ్వేవాడు తప్ప జవాబు చెప్పేవాడు కాదు. ఆయనకు మాటకు మాట అప్పజెప్పడం రాదని మా అందరి నమ్మకం. ఆదివారం ఆరాధనలో తప్ప ఆయన గొంతు యింటి గడప దాటేది కాదు.

నాకు సైకిలు నేర్పింది చెరువుకట్ట మీద. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కే వయసులోనే మొదలుపెట్టించాడు. ఆడపిల్లకు సైకిలేందని పల్లెలో నలుగురూ నాలుగన్నారు, అమ్మ ఐదోది అంది. నేను ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు, మిషన్ ఆస్పత్రి నర్సమ్మ ఒకామె బదిలీ మీద పోతూ వదిలేసిన లేడీస్ సైకిలును నాయిన బాగుచేయించి తెచ్చాడు. రాజంపేట హైస్కూలుకు అప్పట్లో మాకు బస్సు లేదు. సైకిలు ఉంటే చదువు, లేకపోతే అమ్మ వెంట శెనిక్కాయ పెరికే పని. నా చదువు ఆ రెండు చక్రాల మీదే నిలబడి ఉందని అమ్మకూ తెలుసు, అందుకే అనాల్సినవన్నీ అని ఊరుకుంది.

తెల్లారగట్ల ప్రార్థన అయ్యేసరికి అవ్వ సంగటిముద్ద చేతిలో పెట్టేది. తిని, ఇద్దరం బయల్దేరేవాళ్లం. చెరువుకట్ట దాటగానే వంక పక్కన దారి కొండెక్కుతుంది. ఎక్కబోయేముందు నాయిన దిగి, రెండు సైకిళ్ల టైర్లలోనూ కొంచెం గాలి వదిలేవాడు. బొటనవేలితో నొక్కి చూసి, మామిడికాయ పండుబారిందా లేదా చూసినట్టు తల పక్కకు వాల్చి, “చాలు” అనేవాడు. గాలి గట్టిగా ఉంటే గరుసు మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది, కొంచెం మెత్తబడితే నేలను పట్టుకుంటుంది. అవతల రోడ్డెక్కాక మళ్లీ పంపు కొట్టేవాళ్లం. ఈ సంగతి చెబితే మేఘన నోరు తెరిచింది. వాళ్లూ అదే చేస్తారట, దానికి గడియారంలాంటి మీటరొకటి కొన్నారట. నాయిన నేర్పిన రెండో పాఠం చేతులది. “హ్యాండిలు గట్టిగా పట్టుకోవాకు పాపా. రాయి మీద చక్రం ఎట్ట తిరగల్లో దానికి తెలుసు. నువ్వు బిగబట్టినావంటే పడతావు,” అనేవాడు. దిగుడులో ముందు బ్రేకు పట్టకూడదు. వంక దాటేటప్పుడు తొక్కడం ఆపకూడదు. కనుమ దగ్గర ఎక్కుడు మరీ నిటారుగా ఉండే చోట మాత్రం ఇద్దరం దిగి తోసుకొని పోయేవాళ్లం. నాకు అక్కడ ఉక్రోషం వచ్చేది, దిగకుండా ఎక్కాలని చూసి రెండుసార్లు మోకాలు పగలగొట్టుకున్నాను. “కొండకాడ దిగొచ్చు పాపా, తప్పులేదు,” అని నాయిన అన్నప్పుడు, అదేదో ఆయాసం గురించి చెబుతున్నాడనుకున్నాను.

కనుమ ఎక్కాక అడివి చెరువు కనిపిస్తుంది. చుట్టూ ఎర్రచందనం, తుమికి, బిక్కి చెట్లు, మధ్యలో మబ్బురంగు నీళ్లు. వానాకాలం చివర సీతాఫలాలు పగిలి, ఆ తీపివాసనకు ఈగలూ ఎలుగుబంట్లూ వస్తాయని చెప్పేవాళ్లు. ఈగలనే చూశాను. అక్కడ నాయిన ఐదు నిమిషాలు ఆగి, కండువా తడిపి మొహం తుడుచుకొని, గొంతెత్తి ఒక కీర్తన పాడేవాడు. యింట్లో నోరు మెదపని మనిషి అక్కడ కొండలు మారుపలికేట్టు పాడేవాడు. నాకు సిగ్గేసేది, ఎవరూ వినేవాళ్లు లేకపోయినా. అవతల మామిడితోటల్లోకి దిగితే రాజంపేట రోడ్డు, ఆ పైన ఆయన చర్చీలు ఆయనవి, నా బడి నాది.

ఆ దారి దగ్గర దారని నాయిన చెప్పాడు, నేను నమ్మాను. పిల్లలు ఏదైనా నమ్ముతారు. బళ్లో ఒకరోజు అయివారు మీ యింటి నుంచి బడికి పటం గియ్యమన్నాడు. కొండదారిని స్కేలు పెట్టి తిన్నగా గీసి, రోడ్డును మాత్రం పాము మెలికలు తిరిగినట్టు పొడుగ్గా గీశాను. ఆయన చూసి విరగబడి నవ్వాడు. “కొండెక్కి దిగేది దగ్గరెట్లయితాదే?” అన్నాడు. మా నాయిన చెప్పినాడు సార్ అని వాదించాను. పిల్లకాయలంతా నవ్వారు. అంతకుముందు నేను ఆ రోడ్డున ఒక్కసారి కూడా పోలేదంటే మీరు నమ్మాలి.

ఆ వారంలోనే అమ్మ సంతకు పోతుంటే పట్టుబట్టి వెంట నడిచాను. ఊరికి ఎడంగా ఉండే మా పల్లె దాటగానే ఊరు. ఊరి నడుమ పెద్దవీధి, రెండువైపులా పెద్ద రైతుల రాతి మిద్దెలు, ఎత్తైన అరుగులు. మా పల్లెలో సున్నం కొట్టే దానం మామ సైకిలు మీద మమ్మల్ని దాటిపోయాడు, పోతూ నా జడ లాగాడు. పెద్దవీధి మొదట్లో ఉన్న రాతిస్తంభం దగ్గరికి రాగానే ఆయన దిగాడు. చెప్పులు తీసి హ్యాండిలుకు తగిలించాడు. తల కొంచెం వంచి, సైకిలును చేత్తో నడిపించుకుంటూ వీధి పొడుగునా పోయాడు. వీధి చివర మళ్లీ చెప్పులేసుకొని, మళ్లీ ఎక్కి, ఏమీ జరగనట్టు ఈలవేసుకుంటూ పోయాడు. అరుగుల మీద వాళ్లు ఆయన వైపు చూడను కూడా లేదు. చూడాల్సిన పని లేదు. మా పల్లె మగవాళ్లంతా అట్లాగే పోతారు, వాళ్ల నాయినలు ఎద్దుబండి దిగి పోయినట్టు. “దానం మామ యాల దిగినాడు?” అని అడిగితే అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. “నోరు మూసుకొని నడువు,” అంది. నడిచి పోయినా మేం రాజంపేట చేరేసరికి ఇంకా బడిగంట కూడా కొట్టలేదు. ఏది దగ్గరో నాకు అర్థమైంది.

ఆ శనివారం నాయిన చైను తుడుస్తుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను. “అది దూరం దారి గదా నాయినా? అబద్ధం యాల చెప్పినావు?” ఆయన గుడ్డ ఆపలేదు. “దిగకుండా పోయేదే దగ్గర పాపా,” అన్నాడు. అరుగు మీదనుంచి అవ్వ అందుకుంది. “ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంట. వీడు సైకిలు తెచ్చిన మొదటి దినం ఆ వీదిలో దిగినాడు. యింటికొచ్చి అన్నం తినల్యా. ఆ మర్సనాడే కొండెక్కినాడు.” ఆ రోజు నాకు నాయిన మీద గౌరవం రాలేదు. పిరికివాడనుకున్నాను. దిగనంటే దిగనని ఆ వీధిలోనే తొక్కి చూపించాలి గానీ, రోజూ కొండ చుట్టి దొంగలా పోవడమేమిటని మండిపోయాను. నోరు లేని ఆయన ఏండ్ల తరబడి రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తొక్కి వాళ్లకు ‘కాదు’ అని చెబుతున్నాడని అర్థం చేసుకునే తెలివి నాకప్పుడు లేదు.

పదో తరగతిలో స్కాలర్‌షిప్ పరీక్ష వచ్చింది. అందులో నెగ్గితే కడపలో హాస్టలూ, కాలేజీ చదువూ. తప్పితే పదితో సరి, అమ్మ కొంగు పట్టుకొని చేన్లకు పోవడమే. నాకు పరీక్షంటే భయం లేదు, పైగా పొగరు కూడా. పరీక్ష ముందు మూడు రోజులు తుపాను వాన. పరీక్షనాటి తెల్లవారి చెరువుకట్ట దాటి చూస్తే వంక దారినంతా మింగేసి ఎర్రగా పోతోంది, చెట్లమొద్దులు దొర్లుకుంటూ వస్తున్నాయి. నాయిన నడుములోతు దాకా దిగి చూసి, తూలి, వెనక్కి వచ్చాడు. ఇద్దరం తడిసి నిలబడ్డాం. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది. ఊరి వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి నేలను చూస్తూ అన్నాడు: “రోడ్డున పో పాపా. ఆడ స్తంభం కాడ దిగు. రెండు నిమిషాల పని. నడిపించుకొని పోయి మళ్లా ఎక్కు. పరీచ్చ పోగొట్టుకోవాకు.”

ఏడేండ్లు దిగని మనిషి నా కోసం ఆ మాట అన్నాడు. నా జీవితంలో నన్ను ఎవరూ కొట్టలేదు, ఆ మాట కొట్టింది. సరే నాయినా అని చెప్పి బయల్దేరాను. దిగుదామనే బయల్దేరాను, అబద్ధమెందుకు. స్తంభం కనిపించగానే బ్రేకు మీద చెయ్యి పడింది కూడా. అప్పుడు నేలను చూస్తూ మాట్లాడిన నాయిన మొహం కళ్లముందుకొచ్చి, చెయ్యి తీసేశాను. తొక్కాను. వీధి బురదబురదగా ఉంది. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడిపోయారు. పెద్ద మిద్దె అరుగు మీదనుంచి ఆ యింటి పెద్దాయన, పళ్లు తోముకుంటున్న వేపపుల్ల తీసి, “ఏయ్! దిగవే!” అని అరిచాడు. ఇంకెవరో “ఎవురి పిల్లది?” అన్నారు. చక్రం జారింది, హ్యాండిలు వదులుగా పట్టుకున్నాను. పడలేదు. వీధి దాటాక ఏడ్చాను. ధైర్యంతో తొక్కానని ఎవరన్నా అంటే నమ్మకండి, భయంతోనే తొక్కాను. కానీ తొక్కాను.

పరీక్ష రాసి సాయంత్రం వచ్చేసరికి స్తంభం దగ్గర నలుగురున్నారు. సైకిలు లాక్కొని, ట్యూబులు బయటికి లాగి కొడవలితో కోశారు. నాయిన్ను పిలిపించారు. ఆయన చేతులు కట్టుకొని అరుగు కింద నిలబడ్డాడు. నేను ఆయన పక్కన. “కూతురికి దిగేది నేర్పల్యా ఉపదేశీ?” అని అడిగాడు పెద్దాయన. నాయిన ఎప్పటిలా మాట్లాడడు, తల వంచుకుంటాడు అనుకున్నాను.

“నేర్పలేదప్పా,” అన్నాడు. గొంతు పెద్దది కాదు, యింట్లో గొంతే. “ఎక్కేది నేర్పినా. దిగేది నాకే సరిగ్గా రాదు. కావల్లంటే కొండనడగండి.”

ఒకడు కొట్టడానికి చెయ్యెత్తాడు, పెద్దాయన ఆపాడు. జాలిపడి కాదు, చర్చి దొరలకు తెలుస్తుందని. దెబ్బ వేరే రకంగా కొట్టారు. ఆ ఏడు మా అమ్మను ఎవరూ చేన్లోకి రానివ్వలేదు. శెనిక్కాయ కాలమంతా ఆమె యింట్లో కూచుంది. ఊరిబిండి లేని సంగటి తిన్నాం. “పోరు నష్టం, పొందు లాభం అని ఊరికే అన్యారా,” అని అవ్వ సణిగేది, సణుగుతూనే తన ముద్దలో సగం నాకు పెట్టేది. పరీక్ష నెగ్గాను. కడప పోయాను. చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. నాయిన మాత్రం వంక తగ్గిన మర్నాటి నుంచి మళ్లీ కొండదారినే పోయాడు, ఒళ్లు సహకరించినన్నాళ్లూ. ఆయనను ఒకసారి పిరికివాడనుకున్న సంగతి ఆయనకు చెప్పుకోలేకపోయాను. చెప్పివుంటే నవ్వేవాడేమో.

ఇదంతా మేఘనకు చెబితే ఫోను మీద గీతను వేలితో పెద్దది చేసుకొని చూసింది. పాపం అంటుందేమోనని భయపడ్డాను. నాకు ఎవరైనా పాపం అంటే ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల అనలేదు. “వస్తారా మేడమ్? నా ఫ్రెండుది ఇంకో సైకిలుంది,” అంది. నా కొడుకు ఫోనులో అరిచాడు. డాక్టరు నా మోకాళ్ల ఎక్సరే చూపించి దండం పెట్టాడు. ఇద్దరినీ అరవనిచ్చి, మరుసటి ఆదివారం బయల్దేరాను.

అడివిశాఖవాళ్ల అనుమతి ఆ పిల్లలే తెచ్చారు. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని కనుమ మొదట్లో ఇప్పుడు గేటు, కాపలా. చెరువుకట్ట మీద ముళ్లకంప పెరిగింది, వంక ఎండి గులకరాళ్లు తేలింది. సైకిలు గాలిలా ఉంది, ఇరవై గేర్లట, నాకు రెండే అర్థమయ్యాయి. ఎక్కుడులో దిగాను. ఒకసారి కాదు, ఐదుసార్లు దిగాను, కూచున్నాను, తిట్టుకున్నాను, తోసుకుంటూ పోయాను. ఆ పిల్లలు నాకోసం ఆగితే పొమ్మని కసిరాను. కొండ ముందు దిగడానికి సిగ్గెందుకు? కొండ నన్ను దిగమనలేదు, నా మోకాలు దిగమంది. అడివి చెరువు దగ్గర వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఎంత అందమైన రూటో అన్నారు. నిజమే, చాలా అందంగా ఉంది. మా నాయిన కూడా ఆ అందం చూసే ఉంటాడు, లేకపోతే పాడడు. అవమానం తప్పించుకోవడానికి ఎక్కినవాడికి అందం కనిపించకూడదని ఎక్కడా రాసిలేదు.

తిరుగు ప్రయాణం రోడ్డున పెట్టుకుందామని నేనే అన్నాను. తొమ్మిది కిలోమీటర్లూ ఇప్పుడు నున్నటి తారు. పెద్దవీధిలో స్తంభం లేదు, సిమెంటు రోడ్డేశారు, మిద్దెల్లో సగం తాళాలు. మా పల్లె పిల్లకాయలు మోటారుసైకిళ్ల మీద రయ్యిన పోతున్నారు, ఎవరూ దిగడం లేదు, ఒకప్పుడు దిగేవాళ్లమని వాళ్లకు తెలియదు కూడా. ముందు పోయిన నా జట్టు పెద్ద మిద్దె ముందు ఆగి, అరుగు మీద కూచొని చెంబులు ఎత్తి మజ్జిగ తాగుతున్నారు. ఆ యింటి ఇప్పటి యజమాని నలభై దాటినవాడు, ఆ పెద్దాయనకు మనవడు. కొడుకును నా బళ్లోనే చదివించాడు. నన్ను గుర్తుపట్టి, తుండు భుజం మీదనుంచి తీసి, వీధిలోకి ఎదురొచ్చాడు.

“మేడమ్, మీరా! ఈ ఎండలో యాడికి పోయొస్తాండారు? దిగండి, దిగండి. సల్లగా మజ్జిగ తాగి పోదురు.”

అతని తప్పేం లేదు. ఆ మర్యాద నిజమైనదే, కంటిలో కనిపిస్తోంది. ఆనాడు ‘దిగవే’, ఈనాడు ‘దిగండి’. అంత దూరం రావడానికి ఎంతమంది ఎన్ని కొండలు ఎక్కారో అతనికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

“వద్దప్పా, పోతాండా,” అన్నాను, తొక్కడం ఆపకుండా.

“ఏం మేడమ్, మోకాళ్ల నొప్పా? దిగల్యాక పోతాండారా?” అని పక్కనే నాలుగడుగులు వేశాడు పాపం, పట్టుకుందామని చెయ్యి చాపుతూ.

“లేదప్పా. కాళ్లు బాగుండాయి,” అన్నాను.

నాలుక పిడచగట్టుకొని పోతోంది. మజ్జిగ మంచిదే అయివుంటుంది. దిగలేదు.